నరం కాదమ్మా అన్న డాక్టరుగారికి

విశాఖపట్నంలో ఏ ఆసుపత్రిలోనైనా కాసేపు కూర్చుంటే 'నరం' అన్న మాట మూడు అర్థాల్లో చెవిన పడుతుంది. సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు రోగి చెయ్యి అటూ ఇటూ తిప్పి, తట్టి, చివరికి "నరం దొరకట్లేదు" అంటుంది. ఆవిడ వెతుకుతున్నది సిర. పక్క గది మీద 'మెదడు, నరముల వైద్య నిపుణులు' అని బోర్డు ఉంటుంది. ఆయన చూసే నరాలు వేరు, మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ ఒళ్ళంతా పాకేవి. ఇక ఎముకల డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్న పెద్దాయన "పిక్క కాడ నరం లాగెత్తంది బాబూ" అంటాడు. ఆయన చెబుతున్నది రక్తం గురించీ కాదు, స్పర్శ గురించీ కాదు. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి తెల్లని పట్టు గురించి.

ఈ ముగ్గురిలో చీవాట్లు తినేది మూడో ఆయనే. నర్సును ఎవరూ దిద్దరు. బోర్డు రాసినవాణ్ణి అసలే దిద్దరు. పెద్దాయన్ని మాత్రం "నరం కాదండీ, అది టెండాన్" అని దిద్దుతారు. నా వాదన ఏమిటంటే, ఈ మూడు వాడుకల్లో అన్నిటికంటే పాతది ఆ పెద్దాయనదే. పైగా ఆయన్ని దిద్దే డాక్టరు చదువుకున్న పుస్తకాల్లోని మాట కూడా, విప్పి చూస్తే, ఆయన అన్నదే అంటుంది.

నాకీ గొడవ ఎందుకు పట్టుకుందో చెప్పాలి. మా పిన్ని ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తుంది. బయటి ఊళ్ళవాళ్ళ కోసం చెబుతున్నాను: ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండని చుట్టి మళ్ళీ సింహాచలం చేరాలి. సుమారు 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు, మా పిన్ని కూడా అంతే. అరవై దాటిన మనిషి, మిగతా ఏడాదంతా ఇంట్లో మార్బుల్ నేల మీద తిరగడమే నడక. ఒక ఏడు తిరిగొచ్చాక మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున్నే మంచం దిగితే మొదటి అడుగు వెయ్యలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు.

తీసుకెళ్ళాం. ఆసుపత్రి పేరు అక్కర్లేదు. పిన్ని "అరికాల్లో నరం పట్టేసింది డాక్టరుగారూ" అంది. ఆయన విసుగ్గా, "నరం కాదమ్మా. నరానికీ దీనికీ సంబంధమే లేదు. మీరంతా దేనికైనా నరమే అంటారు" అని స్కాన్‌కి రాశారు. స్కాన్ రిపోర్టులో ఇలా ఉంది: ప్లాంటార్ అపోన్యూరోసిస్ మడమ దగ్గర మందంగా ఉంది. దాన్ని చదివి పిన్ని కొడుకు కంగారుపడిపోయాడు. "అన్నయ్యా, అమ్మకి న్యూరోసిస్ అని రాశారేంటి?" అన్నాడు. న్యూరోసిస్ అంటే మనసుకి పట్టే జబ్బు కదా. వాడు నవ్వించాలని అనలేదు. కానీ ఆ కంగారులో వాడు సరైన చోటే వేలు పెట్టాడు. నరానికి సంబంధం లేదన్న ఆ వస్తువు పేరులో 'న్యూరో' ఏం చేస్తోంది?

ముందు వస్తువేమిటో చూద్దాం. మడమ ఎముక అడుగు నుంచి బయల్దేరి, అరికాలి పొడవునా వెళ్ళి, ఐదు పాయలై వేళ్ళ మొదళ్ళ దగ్గర అతుక్కునే గట్టి పీచు పట్టీ అది. నిండా కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులు, ఎక్కువ భాగం పొడవు వెంబడే సాగి ఉంటాయి. పాదం మధ్యలో ఉండే వంపు కుంగిపోకుండా కింద నుంచి రెండు కొసల్నీ పట్టి ఉంచడం దాని పని. అంతకంటే చిత్రమైన పని ఇంకొకటి ఉంది. అడుగు ముందుకు పడుతున్నప్పుడు మడమ లేచి, వేళ్ళు వెనక్కి వంగుతాయి కదా, అప్పుడు ఈ పట్టీ వేళ్ళ మొదట్లోని ఎముకల గుండ్ల చుట్టూ చుట్టుకుని బిగుస్తుంది. బిగిసేసరికి పాదం వంపు ఇంకా పైకి లేచి, మెత్తగా ఉన్న పాదం ఒక్కసారిగా గట్టిపడి నేలని తన్నడానికి సిద్ధమవుతుంది. 1954లో హిక్స్ అనే ఆయన దీన్ని వివరించి 'విండ్లాస్' అని పేరు పెట్టాడు. ఓడలో లంగరు తాడుని చుట్టి బిగించే యంత్రం పేరది. కుర్చీలో కూర్చుని, బొటనవేలిని చేత్తో వెనక్కి వంచి, రెండో చేత్తో అరికాలు తడిమితే ఇది తెలిసిపోతుంది. తాడులా బిగిసినది వేలికి తగులుతుంది. అలా తగిలేదాన్ని చూపించి ఇదేమిటి అని ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పే జవాబు ఒక్కటే: నరం.

ఇప్పుడు మాట. అపోన్యూరోసిస్ గ్రీకు మాట. 'అపో' అంటే 'నుంచి'. చివరనున్న 'ఓసిస్' ఒక మార్పునో స్థితినో చెబుతుంది. మధ్యలోది న్యూరాన్. ఈరోజు న్యూరాన్ అనగానే మనకి మెదడు, కణం, కరెంటు గుర్తొస్తాయి. పాత గ్రీకులో ఆ అర్థమే లేదు. న్యూరాన్ అంటే జంతువు ఒంట్లోంచి తీసిన గట్టి పట్టు, దాంతో పేనిన తాడు. ఇలియడ్ అనే పాత గ్రీకు యుద్ధకావ్యం నాలుగో సర్గలో ట్రాయ్ విలుకాడు పాండరుడు గ్రీకు రాజు మెనెలాస్ మీద బాణం ఎక్కుపెట్టినప్పుడు లాగేది ఎద్దు న్యూరాన్‌తో చేసిన వింటినారిని. ఆ బాణం తగిలాక మెనెలాస్ భయపడతాడు. చూసుకుంటే ములికిని కర్రకి బిగించి కట్టిన న్యూరాన్ గాయం బయటే ఉండిపోయింది, లోతుగా దిగలేదు. హమ్మయ్య అనుకుంటాడు. రెండు చోట్లా అది నారే, కట్టే.

మనం ఇప్పుడు నరాలంటున్నవి స్పర్శనీ కదలికనీ మోసేవని క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం దాకా విడిగా ఎవరూ గుర్తించలేదు. అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే ఇద్దరు వైద్యులు మనుషుల శవాల్ని కోసి చూసి వాటిని వేరుపరిచారు. కోసినప్పుడు కంటికి కనిపించేది ఏమిటి? తెల్లగా, పొడుగ్గా, గట్టిగా ఉన్న తాళ్ళు. కొన్ని కండరం కొసన ఉంటాయి, కొన్ని మెదడు వైపు, వెన్ను వైపు వెళ్తాయి. చూపుకి రెండూ ఒకే జాతి. అందుకే కొత్తగా కనిపెట్టిన వాటికి వాళ్ళు కొత్త పేరు వెతుక్కోలేదు, వాటినీ న్యూరాన్లే అన్నారు. కాకపోతే ముందు ఒక విశేషణం చేర్చారు: తెలివిడి నిచ్చే న్యూరాన్లు, ఇష్టప్రకారం కదిపే న్యూరాన్లు. ఈ విశేషణాల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

నాలుగైదు వందల ఏళ్ళ తర్వాత గాలెన్ అనే గ్రీకు వైద్యుడు వచ్చాడు. కత్తులతో పోరాడే గ్లాడియేటర్ల గాయాలకి కట్లు కట్టి అనుభవం సంపాదించినవాడు. అరుస్తున్న పంది గొంతు దగ్గర ఒక సన్నని నరాన్ని బిగించి దాని అరుపు ఆపేసి జనాన్ని నోరెళ్ళబెట్టించినవాడు. అంటే నరం పనేమిటో అతనికి తెలుసు. అయినా కండరం కొసలో ఎర్రదనం పోయి తెల్లని పట్టుగా మారే చోటుని అపోన్యూరోసిస్ అన్నాడు. కండరంలోకి వచ్చిన నరం పీచూ, కీళ్ళ కట్టు పీచూ కలిసి అక్కడ పట్టు తయారవుతుందని అతని ఊహ. ఊహ తప్పు, పేరు నిలిచిపోయింది. ఆ పేరుని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పమంటే నేను 'నరంగా మారిన చోటు' అంటాను. మా పిన్ని ఏమంది? అరికాల్లో నరం అంది.

ఆ తర్వాత కథంతా అర్థం జారిపోవడమే. లాటిన్‌లో నెర్వస్ కూడా మొదట పట్టే, వింటినారే, వాద్యం తీగే. దాని నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన 'నెర్వస్' అన్న మాటకి ఒకప్పుడు నరాలు బిగిసి ఉన్న బలమైన మనిషి అని అర్థం. రాను రాను చేతులు వణికే మనిషి అయ్యాడు. 1769లో స్కాట్లండ్ వైద్యుడు కల్లెన్ 'న్యూరోసిస్' అనే మాట తెచ్చాడు. 1891లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్డేయర్ నాడీకణానికి 'న్యూరాన్' అని పేరు పెట్టాడు. అలా పాత అర్థం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. అపోన్యూరోసిస్ ఒక్కటీ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వైద్యంలో 'న్యూరో' అని మొదలయ్యే మాటలన్నీ మెదడువైపు పోతుంటే, ఇది మాత్రం ఇప్పటికీ వింటినారినే పట్టుకుని వేలాడుతోంది. 1998లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న శరీర నిర్మాణ పదజాలంలో కూడా అరికాలి పట్టీ పేరు అపోన్యూరోసిస్ ప్లాంటారిసే.

ఇక మన నరం. ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, ద్రావిడ మాట. తమిళంలో నరంబు, కన్నడంలో నర. తమిళ నరంబుకి అర్థాలు చూడండి: పట్టు, నరం, సిర, వింటినారి, పీచు, యాళ్ అనే పాత వాద్యం తీగ. గ్రీకు న్యూరాన్, లాటిన్ నెర్వస్ ఎంత మేర పరుచుకున్నాయో ఇదీ అంతే మేర పరుచుకుంది. గ్రీకులకీ ద్రావిడులకీ ఈ విషయంలో ఇచ్చిపుచ్చుకోవడాలేమీ లేవు. మేకనో ఎద్దునో కోసినవాడు ఎక్కడివాడైనా ఒకటే చూస్తాడు, దాన్ని తీసి తాడుగా వాడుకుంటాడు, ఆ తాడు పేరే ఒంట్లో దానికీ ఉంటుంది. నార, నారి కూడా ఇందులోవేనా అని కొందరు అడుగుతుంటారు. నిఘంటువులు నార, నారిలని ఒక చోటా, నరాన్ని వేరే చోటా పెట్టాయి. చప్పుడు కలిసిందని నేను వాటిని ఒకే గాటన కట్టను.

మన పలుకుబడుల్లో కూడా పాత అర్థమే బతికుంది. క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లో "నరాలు తెగే టెన్షన్" అంటాం. తెగడం అనేది తాడుకీ తీగకీ ఉండే లక్షణం, కబుర్లు మోసే నాడికి కాదు. పైగా అక్కడ టెన్షన్ అనే మాట వచ్చి కూర్చోవడం మరీ తమాషా. లాటిన్‌లో సాగదీయడానికి ఉన్న 'టెండెరె' దాని మూలం. టెండాన్ అన్న మాట గ్రీకులో సాగదీయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చి, లాటిన్‌లో ఇదే 'టెండెరె' ప్రభావంతో ఇప్పటి రూపం తెచ్చుకుంది. రెండూ చుట్టాలే. టీవీ ముందు కూర్చుని అరిచేవాడికి తెలియకుండానే వాడి నోట నరమూ టెండానూ ఒకే ముక్కలో వచ్చేశాయి.

ఇంతవరకూ విన్నవాళ్ళు, "సరే, పల్లె మాట పల్లె మాటే, శాస్త్రానికి కచ్చితమైన మాట ఉండాలి కదా, మన పుస్తకాల్లో స్నాయువు ఉంది కదా" అంటారు. ఉంది. బడి పుస్తకాల్లో కండరాన్ని ఎముకకి కట్టేది స్నాయుబంధనం, అంటే టెండాన్. ఎముకని ఎముకకి కట్టేది సంధిబంధనం, అంటే లిగమెంట్. మార్కుల కోసం అందరం బట్టీ పట్టినవాళ్ళమే. ఆ స్నాయువు గొప్ప మాటే, కాదనను. సంస్కృత స్నాయు, గ్రీకు న్యూరాన్, లాటిన్ నెర్వస్ ఒకే పాత ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, శరీరం గురించి చెప్పే శారీరస్థానం అనే భాగంలో, ఒంట్లో తొమ్మిది వందల స్నాయువులని లెక్క చెప్పారు: కాళ్ళూ చేతుల్లో 600, మొండెంలో 230, మెడా ఆపైన 70. నాలుగు రకాలన్నారు. అందులో 'పృథుల' అనే వెడల్పాటి రకం ఉంది. ఛాతీ, వీపు, పక్కలు, తల, ఇవి దాని చోట్లు. నాకైతే అపోన్యూరోసిస్‌కి దగ్గరగా వచ్చేది అదే అనిపిస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఆ పుస్తకంలోని పోలిక. పలకలు పేర్చి, అనేక బంధాలతో గట్టిగా కట్టిన పడవ నీళ్ళ మీద ఎలా బరువు మోస్తుందో, కీళ్ళన్నిటినీ స్నాయువులు కట్టి ఉంచడం వల్ల మనిషి అలా బరువు మోస్తాడు అంటారు.

ఈ పోలిక చదివినప్పుడు ఇది మా సముద్రం ఒడ్డున కూర్చుని రాశారా అనిపించింది. ఎందుకంటే అక్కడ పలకలకి మేకులు కొట్టిన పడవ అనలేదు, కట్టిన పడవ అన్నారు. మన కోస్తాలో మసూలా పడవ అలాంటిదే. పలకకీ పలకకీ అంచుల్లో బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. మేకు ఉండదు. 1933లో విశాఖ రేవు తెరిచేదాకా ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండేవి. సరుకూ మనుషులూ కెరటాలు దాటి ఒడ్డుకి చేరాలంటే ఈ పడవలే దిక్కు. మేకులు కొట్టిన బిగుసు పడవని ఈ ఒడ్డున కెరటం ఎత్తి కుదేస్తే పలకలు విచ్చుకుంటాయి. కుట్టిన పడవ ఒళ్ళు కాస్త విదిలించుకుని, కదిలి, మళ్ళీ సర్దుకుంటుంది. కీలూ అంతే, కదలాలి కానీ ఊడకూడదు. ఇప్పుడు జాలారిపేటలో ఎటు చూసినా ఫైబర్ పడవలే, కుట్టిన పడవ చూద్దామన్నా కనబడదు. ఎముకలు, కండరాలు, సిరలు, కీళ్ళు దెబ్బతిన్నదానికంటే స్నాయువు దెబ్బతింటేనే మనిషికి ఎక్కువ నష్టమని కూడా సుశ్రుతంలో ఉంది. లిగమెంట్ తెగి ఆట మానుకున్న కుర్రాణ్ణి ఎవర్నైనా అడగండి, అవునంటాడు.

ఇంత మంచి మాటని పెట్టుకుని మళ్ళీ నరం ఎందుకంటావా? చెబుతాను. సంస్కృతం మాటలు తీసుకుంటే దేశంలో అన్ని భాషలకీ శాస్త్ర పరిభాష ఒకటే అవుతుంది, ఒకరి పుస్తకం ఒకరికి అర్థమవుతుంది అన్నది వాటి వెనకున్న ఆశ. స్నాయువు దగ్గర ఆ ఆశ ఏమైందో చూడండి. తెలుగు పుస్తకంలో స్నాయువు అంటే టెండాన్. హిందీ పరిభాషలో స్నాయు అంటే లిగమెంట్. మరాఠీలో, గుజరాతీలో స్నాయు అంటే కండరం. బెంగాలీలో, ఒడియాలో స్నాయు అంటే నాడి, మెదడు డాక్టరు చూసే నరం. మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు నుంచి రోజూ రోగులొస్తారు. రోగి బంధువు ఒడియాలో స్నాయు అని, తెలుగు పుస్తకం చదివిన కుర్ర డాక్టరు స్నాయువు అని అనుకుంటే ఒకరు న్యూరాలజీకీ ఇంకొకరు ఆర్థోపెడిక్స్‌కీ నడుస్తారు. స్టీల్ ప్లాంటులో, నేవీలో అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉన్న ఊరు మాది. ఒకే మాట నాలుగు అవయవాలకి పేరైపోయిందని ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. అంటే గ్రీకులో జరిగిన అర్థాల కలగాపులగమే సంస్కృతంలోనూ జరిగింది. నరం ఒక్కటే బద్ధకపు మాట అనీ, పల్లెటూరి మాట అనీ తీసిపారెయ్యడం న్యాయం కాదు.

నాడి గురించి కూడా ఒక ముక్క. నరాల వ్యవస్థని పుస్తకాలు నాడీ వ్యవస్థ అన్నాయి. జనం నోట నాడి అంటే ఇప్పటికీ మణికట్టు దగ్గర కొట్టుకునేదే. ఏ న్యూరాలజిస్టూ 'నాడీ వైద్యులు' అని బోర్డు పెట్టుకోడు. పెట్టుకుంటే చెయ్యి చాపి నాడి పట్టి చూడమనేవాళ్ళు వరస కడతారు. అందుకే అందరూ బుద్ధిగా 'నరములు' అని రాయించుకున్నారు. పరిభాష కమిటీలు ఏం చెప్పినా బోర్డు రాయించేటప్పుడు జనం మాటే గెలిచింది.

అయితే ఎదుటిపక్షంలో బలం లేదని నేననను. ఉంది, చాలా ఉంది. మూడిటికీ ఒకే మాట ఉండడం వల్ల మందుల షాపు దగ్గర నిజంగా నష్టం జరుగుతోంది. మడమ నొప్పికి "నరం పట్టేసింది" అని అడిగితే కౌంటర్ అవతలి కుర్రాడు 'నరాల బిళ్ళలు' తీసి ఇస్తాడు. అవి బి12, బి కాంప్లెక్స్. బి12 తక్కువైతే నాడులు దెబ్బతినే మాట నిజం, అలాంటివాళ్ళకి ఆ బిళ్ళలు అవసరం కూడా. కానీ అరికాలి పట్టీ మందమెక్కి నొప్పి పెడుతుంటే వాటితో ఒరిగేదేమీ లేదు. దీనికి తిరగబడి జరిగేది ఇంకా ప్రమాదం. ఏళ్ళ తరబడి షుగరున్న మనిషికి అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, స్పర్శ తెలియకపోవడం మొదలైతే "నడిచి నడిచి నరాలు లాగేశాయి, అవే తగ్గుతాయి" అని ఊరుకుంటారు. అక్కడ దెబ్బతింటున్నది అసలైన నాడులు. చెప్పు ఊడినా తెలియని పాదానికి పుండు పడితే ఆ నిర్లక్ష్యం ఖరీదు చాలా ఎక్కువ. కాళ్ళ మీద ఉబ్బి మెలికలు తిరిగిన సిరల్ని కూడా నరాలు ఉబ్బాయనే అంటాం, వాటి వైద్యం మూడో రకం.

కాబట్టి తేడా తెలియాలి. అందులో వాదన లేదు. ఆ తేడా తెలియడానికి రోగి నోట్లోంచి నరాన్ని పీకేసి స్నాయుబంధనాన్ని కుక్కాలన్న దగ్గరే నాకు పేచీ. అలెగ్జాండ్రియా వైద్యులు ఏం చేశారో ఇందాక చెప్పాను. పాత మాట ఉంచుకుని, ముందు ఒక విశేషణం చేర్చారు. మనకీ అది చేతనవుతుంది. రక్తపు నరం, కబురు నరం, కట్టు నరం అంటే మా పిన్నికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఇవే పేర్లు ఉండాలని నాకు పట్టుదలేమీ లేదు, ఇంతకంటే మంచివి ఎవరైనా చెప్తే సంతోషం. పిన్నికి చివరికి దారి చూపించింది ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. ఆవిడ పిన్నిని దిద్దలేదు. "అమ్మా, ఈ కట్టు నరం రాత్రంతా ముడుచుకుని ఉంటుంది. మంచం దిగకముందే వేళ్ళు వెనక్కి లాగి సాగదీయండి. గోడకి చేతులానించి పిక్క కూడా సాగదీయండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులేసుకోండి" అంది. అన్నట్టు, కట్టు నరం అన్న మాట నాకు అక్కడ దొరికిందే. మూడు నిమిషాల్లో చెప్పడం అయిపోయింది. ఈ నొప్పి చాలామందికి ఇలా నెలల మీద తగ్గేదే, ఆపరేషన్ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ.

శాస్త్రం మాటలు కచ్చితంగా ఉంటాయన్న నమ్మకం గురించి కూడా కాస్త మాట్లాడాలి. పిన్ని ప్రిస్క్రిప్షన్ మీద జబ్బు పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. స్కాన్ రిపోర్టులో అపోన్యూరోసిస్ అన్నదాన్నే ప్రిస్క్రిప్షన్‌లో ఫేషియా అన్నారు. ఫేషియా లాటిన్ మాట, గుడ్డ పేలిక, కట్టు, పట్టీ అని అర్థం. రోమన్లు గాయానికి చుట్టేదీ, పసిబిడ్డకి చుట్టేదీ అదే. దానికి చుట్టమే 'ఫాస్కిస్', అంటే కట్ట. రోమ్ అధికారుల ముందు భటులు మోసే కర్రల కట్ట అది. ముస్సోలినీ తన పార్టీకి పెట్టుకున్న పేరు కూడా ఆ కుదురులోదే. మా పిన్ని మడమకీ ముస్సోలినీకీ ఉన్న సంబంధం ఇంతే, ఇంతకంటే లాగను. ఒంట్లో ఫేషియా అంటే మామూలుగా కండరాల్ని చుట్టి ఉండే పొర. మటన్ కొట్టులో "పొర తీసి ఇయ్యి" అంటాం, ఆ పొరే. ఆ పొరలో ఏవేం చేర్చాలి, అపోన్యూరోసిస్ అందులోకి వస్తుందా రాదా అన్నదాని మీద శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు. 2007లో బోస్టన్‌లో ఫేషియా పరిశోధకుల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. నిర్వచనం మీద వాదనలు ఆ తర్వాత కూడా సాగుతూనే ఉన్నాయి.

ఇక 'ఐటిస్' అంటే వాపు, మంట ఎక్కిన స్థితి. 2003లో అమెరికాలో పాదాల వైద్యులు కొందరు, మడమ ఆపరేషన్లప్పుడు తీసిన 50 మంది కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూశారు. అందులో కనిపించింది ఆ వాపు కాదు, పోగులు అరిగి చెదిరిపోవడం. అంటే ఆ పేరులో 'ఐటిస్' ఉండడమే తప్పని వాళ్ళు తేల్చారు. ఇరవై ఏళ్ళు దాటినా ప్రిస్క్రిప్షన్ల మీద ఫేషియైటిస్సే నడుస్తోంది. అలవాటైన మాట, అందరికీ అర్థమవుతుంది, ఎందుకు మార్చడం అంటారు డాక్టర్లు. నేనూ ఒప్పుకుంటాను. సరిగ్గా ఆ మర్యాదే మా పిన్ని మాటకీ ఇమ్మంటున్నాను.

ఇవ్వడానికి పెద్ద కష్టం కూడా లేదు. "నరం పట్టేసింది" అనగానే "నరం కాదమ్మా" అనే బదులు ఇంకో ప్రశ్న వెయ్యొచ్చు. తిమ్మిరెక్కుతోందా, మంటగా ఉందా, సూది గుచ్చితే తెలుస్తోందా? ఉబ్బి నీలంగా కనిపిస్తోందా, సాయంత్రానికి బరువెక్కుతోందా? లేకపోతే పొద్దున్న మొదటి అడుగుకే లాగి, నడిస్తే తగ్గుతోందా? ఈ ప్రశ్నలకి ఉత్తరాంధ్రలో చదువు రాని ముసలమ్మ కూడా తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఏ నరమో ఆ జవాబుని బట్టి పోల్చుకోవడం డాక్టరు పని.